వచనం సరైనదే, చిరునామా తప్పు

ఈసారి ఉత్తరం ఒక కథోలిక సోదరి నుంచి వచ్చింది. పేరు, ఊరు బయటపెట్టవద్దన్నారు. ఉత్తరం చాలా పెద్దది కాబట్టి సారాంశం ఇస్తున్నాను.

ఆమెకు 36 ఏళ్లు. ఆదివారం పూజలో పఠనాలు చదువుతారు, పూజ అయ్యాక యువతకు సత్యోపదేశం (విశ్వాస పాఠాలు) చెబుతారు. ఆమె అక్క నాలుగేళ్ల కిందట భర్తను వదిలి వచ్చేసింది. అతను తాగి కొట్టేవాడు. ఒక రాత్రి పాప మీద కూడా చెయ్యి చేసుకోవడంతో, అప్పటికప్పుడు బిడ్డను ఎత్తుకుని పుట్టింటికి చేరింది. తర్వాత కోర్టులో విడాకులు వచ్చాయి. పెళ్లికి ముందే అతను తాగుడు మాన్పించే చికిత్స తీసుకున్నాడనీ, ఆ సంగతి దాచిపెట్టి పెళ్లి చేశారనీ ఆలస్యంగా తెలిసింది.

అక్క గుడికి రావడం మానలేదు. కానీ దివ్యసత్ప్రసాదం (పూజలో పంచే పవిత్ర అప్పం) వేళకు లేవదు. విడాకులు తీసుకున్నవాళ్లు వరుసలో నిలబడకూడదని ఎవరో పెద్దావిడ చెప్పిందట. "మా అక్క మోకాళ్లు పక్కకు తిప్పి అందరికీ దారి ఇస్తుంది. నేను కూడా ఆమెను దాటుకునే వెళ్లి స్వీకరించి వస్తాను. నాలుగేళ్లుగా ఇదే" అని రాశారు.

ఒక ఆదివారం మొదటి పఠనంగా ఆదికాండం రెండో అధ్యాయాన్ని ఈమే చదివారు. ఆ రోజు సువార్త మార్కు పదో అధ్యాయం, విడాకుల గురించి పరిసయ్యులు (ఆనాటి యూదుల్లో ధర్మశాస్త్ర నిష్ఠ గల వర్గం) యేసును అడిగిన ప్రశ్న. ఆ సాయంత్రం కుటుంబం వాట్సాప్ గ్రూపులో చిన్నాన్న కొడుకు, శ్రీసభ (కథోలిక సంఘం) ఇంకా ఏ కాలంలో ఉందో అర్థం కావడం లేదని వెటకారంగా రాశాడు. ఈమెకు కోపం వచ్చి వెంటవెంటనే మూడు వచనాలు పెట్టారు. దేవుడు జతపరచినవారిని మనిషి వేరుచేయరాదన్న మార్కు 10:9, దేవుడు విడాకులను అసహ్యించుకుంటాడన్న మలాకీ 2:16, భార్యను వదిలి మరొకరిని చేసుకునేవాడు వ్యభిచారి అన్న లూకా 16:18. అదే గ్రూపులో అక్క కూడా ఉంది. తనతో పనిచేసే ఒక మంచి మనిషి, భార్య చనిపోయినవాడు, అక్కను పెళ్లి చేసుకుంటానని అడిగిన సంగతి ఈమెకు అప్పటికి తెలియదు.

అక్క గ్రూపులోంచి వెళ్లిపోయి, ఫోన్ చేసి ఒక్క మాట అడిగింది. "మనిషి ఒంటరిగా ఉండడం మంచిది కాదని పొద్దున మైకులో చదివింది నువ్వే కదే. మరి నన్ను ఒంటరిగా ఉండమని ఏ వచనం చూపించి చెబుతావు?" ఆ తర్వాత గుడికి రావడం లేదు.

ఈ సోదరి అడుగుతున్నవి ఇవి. శ్రీసభ బోధనను సమర్థించడం తప్పా? మత్తయి సువార్తలో విడాకులకు మినహాయింపు ఉందని, శ్రీసభ దాన్ని దాచిపెడుతోందని ఆఫీసులో ఒకరు అంటున్నారు, నిజమేనా? అక్క రిజిస్టర్ పెళ్లి చేసుకుంటే వెళ్లాలా? ఇంట్లో ఇంత జరిగాక సత్యోపదేశం చెప్పడం మానేయాలా?

*

అమ్మా, మీరు సమర్థించడం తప్పు కాదు. మీరు సమర్థించింది సగమే. మీ అక్కకు అవసరమైన సగం మీ చేతిలోనే ఉండిపోయింది.

అన్నిటికన్నా ముందు ఆ సత్ప్రసాదం సంగతి. మీరు అడిగిన ప్రశ్నల్లో అది లేదు, కానీ మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ కలవరపెట్టింది అదే. భర్త నుంచి విడిపోయి, కోర్టు విడాకులు పొంది, మళ్లీ పెళ్లి చేసుకోకుండా ఉన్న స్త్రీ దివ్యసత్ప్రసాదం తీసుకోకూడదని శ్రీసభ ఎక్కడా చెప్పలేదు. 1992లో వెలువడిన కథోలిక శ్రీసభ సత్యోపదేశ గ్రంథం 2386వ పేరాలో దీనికి విరుద్ధంగా ఉంది: పెళ్లికి కట్టుబడి ఉండాలని చూసి, చివరికి విడాకుల పాలైన నిర్దోషి నైతిక ధర్మాన్ని మీరినట్టు కాదు. 2383వ పేరాలో, కొన్ని హక్కులకో, పిల్లల సంరక్షణకో, ఆస్తి రక్షణకో కోర్టు విడాకులే దారి అయినప్పుడు వాటిని సహించవచ్చని, అది పాపం కాదని ఉంది. భర్త వల్ల భార్యకు గానీ బిడ్డకు గానీ తీవ్రమైన ప్రమాదం ఉంటే విడిగా ఉండే హక్కును శ్రీసభ చట్టమే ఇస్తోంది. ఆలస్యమైతే ముప్పు అనుకుంటే ఎవరి అనుమతికీ ఆగకుండా వెళ్లిపోవచ్చు. ఇది 1153వ నిబంధన. ఆ రాత్రి మీ అక్క చేసింది అచ్చంగా అదే.

అంటే ఎవరో పెద్దావిడ అన్న మాట కోసం మీ అక్క నాలుగేళ్లు ఆ బెంచీలోనే కూర్చుండిపోయింది. సత్యోపదేశం చెప్పే చెల్లెలు పక్కనే ఉంది. నిష్ఠూరంగా అనిపిస్తే క్షమించండి, కానీ వచనాలు వెతికే ముందు మీరు వెతకాల్సింది ఈ పేరాలనే. కథోలిక నీతిబోధ కఠినమని బయటివాళ్లు అనేది ఒక ఎత్తు. అందులో లేని కఠినత్వాన్ని మనవాళ్లే చేర్చి నడిపించడం ఇంకో ఎత్తు.

ఇప్పుడు మీరు పంపిన వచనాల దగ్గరికి వద్దాం. మలాకీతో మొదలుపెడతాను. ఆ వచనాన్ని చివరిదాకా చదవండి. విడాకుల మాట వెనకే, హింసను వస్త్రంలా కప్పుకునేవాడి మాట ఉంటుంది. మూడు వచనాలు వెనక్కి వెళ్తే ప్రవక్త ఎవరితో మాట్లాడుతున్నాడో కూడా తెలుస్తుంది. యవ్వనంలో చేసుకున్న భార్యకు ద్రోహం చేసి, పైగా తమ అర్పణలను దేవుడు ఎందుకు స్వీకరించడం లేదని బలిపీఠం దగ్గర ఏడుస్తున్న మగవాళ్లతో. ఆ వచనం వెళ్లాల్సింది మీ బావకు. మీరు అక్కకు పంపారు.

మార్కు పదో అధ్యాయం కూడా అలాంటిదే. యేసు అప్పుడు యొర్దాను అవతలి ప్రాంతంలో ఉన్నాడు. అది హేరోదు అంతిపా ఏలుబడి. సోదరుడి భార్యను చేసుకోవడం ధర్మం కాదని హేరోదుతో అన్నందుకే బాప్తిస్మ యోహాను తల పోయిందని మార్కు ఆరో అధ్యాయంలో చదివే ఉంటారు. అక్కడ పెళ్లి, విడాకుల గురించి నోరు విప్పడమే ప్రమాదం. పరిసయ్యులు ఆ ప్రశ్న నేర్చుకోవడానికి అడగలేదు, ఇరికించడానికి అడిగారు. ప్రశ్న ఎలా ఉందో కూడా గమనించండి: పురుషుడు భార్యను వదిలేయవచ్చా? ఆమె తరఫు నుంచి ఎవరూ ఏమీ అడగలేదు. ఆనాటి యూదు బోధకుల్లో దీనిపై రెండు వర్గాలుండేవి. షమ్మాయి వర్గం సిగ్గుమాలిన పని చేస్తేనే పంపేయాలనేది. వంట చెడగొట్టినా చాలు అనేది హిల్లేలు వర్గం. ఏ కారణానికి ఆడదాన్ని ఇంట్లోంచి పంపేయవచ్చన్నదే ఆ రెండింటి మధ్య తగువు.

యేసు ఆ తగువులోకి దిగలేదు. ద్వితీయోపదేశ కాండం 24లో మోషే విడాకుల పత్రం రాయించింది మీ గుండె రాయి కాబట్టేనని చెప్పి, ఆదికాండానికి వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఇంట్లో శిష్యులు మళ్లీ అడిగినప్పుడు, భార్యను వదిలి మరొకరిని చేసుకునేవాడు తన భార్యకు వ్యతిరేకంగా వ్యభిచరిస్తున్నాడని అన్నాడు. ఆనాటి లెక్కలో వ్యభిచారం అంటే ఇంకో మగవాడి హక్కుకు చేసిన అన్యాయం. భార్యకు కూడా అన్యాయం జరుగుతుందని ఎవరూ అనుకోని చోట ఆయన ఆ మాట అన్నాడు. ఈ వచనం పుట్టింది ఇంట్లోంచి గెంటివేతకు గురయ్యే స్త్రీ పక్షాన. దెబ్బలు తిని ఇల్లు వదిలిన స్త్రీని నిలదీయడానికి దాన్ని వాడితే, అక్షరం యేసుదే ఉంటుంది గానీ గొంతు పరిసయ్యులది అవుతుంది.

ఇంతమాత్రాన వివాహబంధం విడిపోతుందని నేను చెబుతున్నానని అనుకోకండి. మీ చిన్నాన్న కొడుకు కోరుకునే జవాబు అది, ఆయనకు నా దగ్గర అది దొరకదు. బాప్తిస్మం పొందిన ఇద్దరు స్వేచ్ఛగా, నిజంగా మాట ఇచ్చుకుని కాపురం చేస్తే, ఆ బంధాన్ని ఏ కోర్టూ ఏ గురువూ విడదీయలేరు. శ్రీసభ దీన్ని మార్కు, లూకా, పౌలు ముగ్గురి దగ్గరా వింది. పౌలు 1 కొరింతీ 7:10లో ఇది తన మాట కాదు, ప్రభువు ఆజ్ఞ అని ప్రత్యేకంగా చెబుతాడు. ఆ వెంటనే 11వ వచనంలో, ఒకవేళ భార్య విడిపోతే పెళ్లి లేకుండా ఉండాలి లేదా భర్తతో సమాధానపడాలి అంటాడు. విడిపోవడం అనేది జరుగుతుందని పౌలుకు తెలుసు. విడిపోయిన ఆమెను సంఘంలోంచి పొమ్మని ఆయన అనలేదు.

మత్తయి మాటకొస్తే, మీ ఆఫీసులో వ్యక్తి చెప్పింది అబద్ధం కాదు. 5:32లోనూ 19:9లోనూ, వ్యభిచార కారణాన తప్ప అని ఒక మినహాయింపు ఉంది. శ్రీసభ దాన్ని దాచలేదు, ప్రతి కథోలిక బైబిల్లోనూ అచ్చయ్యే ఉంది. మిగతా ముగ్గురి దగ్గరా అది లేదు కాబట్టి ఒక్కదాన్ని పట్టుకుని ఆ ముగ్గురినీ కొట్టిపారేయకుండా నలుగురినీ కలిపి చదవాలని శ్రీసభ అంటుంది. లేవీయకాండం 18 నిషేధించిన దగ్గరి రక్తసంబంధాల పెళ్లిళ్లను ఉద్దేశించి మత్తయి ఆ మాట చేర్చాడని చాలామంది కథోలిక పండితుల అభిప్రాయం. యూదు నేపథ్యం నుంచి వచ్చిన చదువరులకు రాసిన సువార్త కాబట్టి అది పొసుగుతుంది. భర్త వ్యభిచారం చేసినా బంధం తెగదని 1563లో ట్రెంటు మహాసభ (కథోలిక బిషప్పుల సభ) నిలబడి చెప్పింది. ఆర్థడాక్సు సంఘాలు ఈ విషయంలో వేరే దారి పట్టాయి, ప్రొటెస్టెంటులది మరో దారి. వాళ్లూ బైబిలు చదివినవాళ్లే. వాళ్లను అజ్ఞానులని అనాల్సిన పనిలేదు, మన మాట మనం మర్యాదగా చెప్పుకుంటే చాలు. ఆఫీసు సంగతికి ఇంతకన్నా సమయం పెట్టకండి.

అక్క అడిగిన ప్రశ్న దగ్గర మాత్రం ఆగాలి. మనిషి ఒంటరిగా ఉండడం మంచిది కాదు అన్నది ఆదికాండం 2:18. శ్రీసభ పఠనాల పుస్తకమే దాన్ని ఆ సువార్త పక్కన పెట్టింది. సామాన్య కాలం (పెద్ద పండగల కాలాలు కాని) ఆదివారాల్లో మొదటి పఠనాన్ని సువార్తకు జోడీగా ఎంచుతారని మీకు తెలుసు. అంటే మీ అక్క పఠనాలను సరిగ్గా, ఒకదానితో ఒకటి కలిపి విన్నది. ఆ గుడిలో ఆ రోజు ఆమె అంత శ్రద్ధగా ఇంకెంతమంది విన్నారో నాకు అనుమానమే.

దానికి ఒక వచనంతో జవాబు చెప్పబోకండి. విడాకులపై యేసు మాట విన్నప్పుడు శిష్యులే బెదిరిపోయి, ఇలాగైతే పెళ్లి చేసుకోకపోవడమే నయం అన్నారు (మత్తయి 19:10). యేసు వాళ్లను తిట్టలేదు, ఇది తేలికని కూడా అనలేదు. మీరూ అనకండి. "అవునక్కా, ఇది చాలా బరువు" అనడం బోధనకు ద్రోహం కాదు. పైగా ఆ బరువు ఆమె ఒక్కతే మోయాలని బోధన చెప్పడం లేదు. విడిగా ఉంటున్నవారు ఆ స్థితిలో విశ్వాసంగా జీవించడానికి క్రైస్తవ సమాజం సాయపడాలని అదే సత్యోపదేశ గ్రంథం 1649వ పేరాలో ఉంది. ఈ నాలుగేళ్లలో మీ విచారణలో (మీ గుడికి చెందిన సంఘంలో) ఎవరైనా ఆమెను భోజనానికి పిలిచారా? పండగకి పాపను ఎవరైనా వెంట తీసుకెళ్లారా? మోయలేని బరువులు కట్టి ఇతరుల భుజాల మీద పెట్టి, తాము వేలితో కూడా కదపనివాళ్ల గురించి మత్తయి 23:4లో యేసు ఏమన్నాడో మీకు నేను చెప్పక్కర్లేదు.

ఇక ముందు ఏం చేయవచ్చో చూద్దాం.

మీ ఉత్తరంలో ఒక వాక్యం దగ్గర నేను పెన్సిలుతో గీత గీసుకున్నాను: తాగుడు చికిత్స దాచిపెట్టి పెళ్లి చేశారు. దీన్ని మేత్రాసన న్యాయస్థానం (బిషప్ పరిధిలోని శ్రీసభ కోర్టు) వినాలి. కాపురానికి తీవ్రంగా దెబ్బ తగిలించే గుణాన్ని దాచి, మోసంతో సమ్మతి రాబడితే ఆ వివాహం చెల్లదని 1098వ నిబంధన అంటుంది. వివాహ బాధ్యతలు మోయలేని మానసిక స్థితి గురించి 1095, బలవంతం, భయం గురించి 1103 ఉన్నాయి. పెళ్లయ్యాక మొదలైన హింస ఒక్కటే చాలదు. మాట ఇచ్చిన రోజు పరిస్థితి ఏమిటన్నదే అక్కడ చూస్తారు. ఇది శ్రీసభ ఇచ్చే విడాకులు కాదు. అసలు ఆ రోజు నిజమైన వివాహం జరిగిందా లేదా అన్న విచారణ.

దీనికీ కష్టాలున్నాయి, అక్కకు ముందే చెప్పండి. అతనికి నోటీసు వెళ్తుంది. అతను ఒప్పుకోవాల్సిన పనిలేదు, కానీ తెలియకుండా మాత్రం జరగదు. సాధారణంగా ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి విచారించరు, అయినా భయం ఉంటే ఆ సంగతి మొదటి రోజే అక్కడ చెప్పుకోవాలి. సాక్షులు కావాలి, అంటే మీరూ మాట్లాడాలి, మీ అమ్మానాన్నలూ మాట్లాడాలి. సంబంధం తెచ్చిన పెద్దలకు ఇది రుచించదు. తీర్పు ఆమెకు అనుకూలంగా వస్తుందని ఎవరూ ముందే మాట ఇవ్వలేరు, ఇచ్చేవాళ్లను నమ్మకండి. పెళ్లి చెల్లదంటే పాప ఏమవుతుందన్న భయం చాలామంది తల్లులకు ఉంటుంది. ఆ భయం అక్కర్లేదు. సద్భావంతో చేసుకున్న పెళ్లిలో పుట్టిన పిల్లలు సక్రమ సంతానమేనని 1137వ నిబంధన స్పష్టంగా చెబుతోంది. జగద్గురువులు (పోపు) ఫ్రాన్సిస్ 2015లో ఈ విధానాన్ని సులభం చేశారు. ఒకప్పుడు రెండు న్యాయస్థానాలు ఒకే తీర్పు ఇవ్వాల్సి వచ్చేది, ఇప్పుడు ఒకటి చాలు.

ఆమె దీనికి ఒప్పుకోక రిజిస్టర్ పెళ్లే చేసుకుంటే? అప్పుడు సత్ప్రసాదం విషయం మారుతుంది, అది దాచకుండా చెప్పాలి. కానీ ఆమె శ్రీసభ నుంచి వెలివేతకు గురైనట్టు కాదు. 1981లో జగద్గురువులు రెండవ జాన్ పాల్ అలాంటివారిని పూజకు రమ్మనీ, వాక్యం వినమనీ, ప్రార్థన మానవద్దనీ, పిల్లలను విశ్వాసంలో పెంచమనీ ప్రోత్సహించారు. 2016లో ఫ్రాన్సిస్ గారు, ఒక్కో జీవితాన్ని గురువు పక్కన ఉండి ఓపికగా పరిశీలించాలని రాశారు. దాని అన్వయంలో మేత్రాణుల (బిషప్పుల) మధ్యే తేడాలున్నాయి. కాబట్టి అది మీరూ నేనూ తేల్చే విషయం కాదు, ఆమె ఒక మంచి గురువు దగ్గర కూర్చుని మాట్లాడుకోవాల్సింది.

ఆ పెళ్లికి వెళ్లాలా అన్నదానికి శ్రీసభ చట్టంలో బంధువులకంటూ ప్రత్యేక నిబంధన లేదు, మీ మనస్సాక్షికి వదిలేశారు. వెళ్తే, మీరు నేర్పే పిల్లలు మేడమే వెళ్లారు కదా అంటారు. ఆ మాటకు జవాబు సిద్ధంగా ఉండాలి. వెళ్లకపోతే, అక్క దాన్ని బోధన మీద గౌరవంగా తీసుకోదు, తన మీద తీర్పుగానే తీసుకుంటుంది. ఆ తలుపు మళ్లీ తెరుచుకోవడానికి ఏళ్లు పట్టవచ్చు. సంతకాల వేళకు కాకుండా ఆ తర్వాత ఇంటికి వెళ్లి పాపతో, ఆ కొత్త మనిషితో భోంచేసి రావడం మధ్యే మార్గం. కొందరికి అది పిరికితనంగా కనిపిస్తుంది, నాకు అలా అనిపించదు. ఏది ఎంచుకున్నా కారణం అక్కకు ముందే, ఎదురుగా చెప్పండి. ఆ రోజు జ్వరమని అబద్ధం చెప్పి తప్పించుకోవడం మాత్రం అన్నిటికన్నా హీనం.

సత్యోపదేశం మానేయకండి. మీరు వదిలేస్తే ఆ పిల్లలకు ఈ అధ్యాయాన్ని వాట్సాప్ నేర్పుతుంది. వాట్సాప్ గ్రూపులో ఎవరైనా వాదనలో ఓడిపోయానని ఒప్పుకోవడం నేనింతవరకు చూడలేదు. మీ చిన్నాన్న కొడుక్కి ఇక అక్కడ జవాబు రాయకండి. మీ విశ్వాసానికి కారణం అడిగితే చెప్పడానికి సిద్ధంగా ఉండమన్న 1 పేతురు 3:15 మనందరికీ నోటికొచ్చు. ఆ వెంటనే మృదువుగా, గౌరవంతో చెప్పమన్న మాటే నాలుక దాటదు. క్లాసులో మార్కు పదిని చెప్పేటప్పుడు 12వ వచనం దగ్గర ఆపేయవద్దు. పఠనాల పుస్తకంలో చిన్న పాఠం అక్కడితో అయిపోతుంది, పెద్ద పాఠం 16 దాకా సాగుతుంది. శిష్యులు అడ్డుకుంటున్న పసివాళ్లను యేసు చేతుల్లోకి తీసుకున్నది ఆ మిగిలిన నాలుగు వచనాల్లోనే. పెళ్లి చెడితే ముందు నలిగేది ఎవరో ఆ పిల్లలకు తెలుసు, బహుశా మనకన్నా బాగా. అదే ఆదివారం రెండో పఠనం హెబ్రీ 2:9-11. సువార్తతో జోడీ కోసం ఎంచింది కాదు, వరుసలో అలా వచ్చి పడింది. మనల్ని సోదరులని పిలవడానికి యేసు సిగ్గుపడడని అందులో ఉంది. మీ క్లాసులో ఇంట్లో అమ్మానాన్నలు విడిపోయిన పిల్ల ఒకరైనా ఉండే ఉంటారు. ఆ ఒక్కరు వింటున్నారన్న స్పృహతో చెప్పండి.

అక్క దగ్గరికి మాత్రం ఈ వారమే వెళ్లండి. ఫోన్ వద్దు, మెసేజ్ అసలే వద్దు. మొదట ఆ మలాకీ వచనం తనకు పంపాల్సింది కాదని చెప్పండి. తర్వాత సత్ప్రసాదం విషయం. ఆమె నమ్మకపోతే విచారణ గురువు దగ్గరికి మీరే తోడుగా వెళ్లి ఆయన నోటితో చెప్పించండి. న్యాయస్థానం సంగతి అదే రోజు ఎత్తాలా, ఇంకో రోజా అన్నది ఆమె ముఖం చూసి మీరే తేల్చుకోండి. కానీ పెళ్లి తేదీ ఖాయం కాకముందే ఆమె చెవిన పడాలి. మొదటి న్యాయస్థానంలో కేసు ఏడాది దాటకూడదని చట్టం అంటుంది గానీ, కాగితాలు, జ్ఞానస్నాన పత్రాలు, సాక్షుల పేర్లు సమకూర్చుకోవడానికే కొంత కాలం పడుతుంది. ఆ పెళ్లి అడిగిన ఆయన నిజంగా మీరు రాసినంత మంచి మనిషే అయితే, అంతవరకు ఆగగలడేమో అక్కనే అడగనివ్వండి.